ఏడో నంబరు బిళ్ల

2003లో నేను రాయగడ దగ్గర, కొల్నార దారిలోని ఒక కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌కు సీనియర్ టెక్నీషియన్‌ని. ప్రెషర్ గేజీలు, మీటర్లు విప్పి సరిచేయడం మా పని. టూల్ రూమ్ తాళంచెవి కూడా నా దగ్గరే ఉండేది. ఎవరు ఏ పనిముట్టు తీసుకున్నా దాని కొక్కేనికి తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి. ఆ నియమం పెట్టింది నేనే. నాది ఏడో నంబరు.

ఆ వానాకాలంలో మా ఇంజనీరు గారు చేతిలో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్ ఒకటి తెచ్చారు. దాని తెరకు వెలుతురు లేదు, ఎండలో తప్ప బొమ్మ కనిపించదు. లోపల అమర్చే లైటు పలక ఎక్కడినుంచో తెప్పించారు. రిబ్బను తీగ తెగకుండా తెర విప్పాలి, రెండు సన్నని తీగలు సోల్డర్ చేయాలి. ఆ పని నాకిస్తారనుకున్నాను. నాగమణికి ఇచ్చారు.

నాగమణి రామనగుడ రైతుల అమ్మాయి. సెక్షన్‌లో చేరి రెండేళ్లయింది. సోల్డరింగ్ నేర్పింది నేనే. ఆమె పెట్టిన చుక్క నాదానికంటే చిన్నగా, మెరుస్తూ ఉంటుందని అందరికంటే ముందు కనిపెట్టిందీ నేనే. నా కడుపు మండిపోయింది.

ఆ గేమ్ వెనక స్క్రూలకు మూడు గాట్ల తల. సరిపోయే స్క్రూడ్రైవర్ మా దగ్గర ఒక్కటే ఉంది. దాని కొక్కేనికి నా బిళ్ల తగిలించి, స్క్రూడ్రైవర్‌ను నా సొరుగులో పడేశాను. నాగమణి అడిగితే, బాయిలర్ దగ్గర పనిలో ఉందన్నాను. ఆమె కొక్కేనికున్న నా బిళ్ల వంక చూసింది, ఖాళీగా ఉన్న నా బల్ల వంక చూసింది. "అయితే రేపు సేస్తాను మాస్టారూ" అని భోజనానికి వెళ్లింది.

ఆ గంటలో నాకు దుర్బుద్ధి పుట్టింది. ఆమె వచ్చేలోపు నేనే లైటు బిగించి ఇంజనీరు గారి ముందు పెట్టాలి. సొరుగులోది బయటికి తీస్తే నా అబద్ధం తెలిసిపోతుంది. అందుకని సన్నని మామూలు స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. గేమ్‌ను ఎడమ అరచేతిలో పట్టుకుని గట్టిగా నొక్కాను. స్క్రూ తల అరిగింది, పనిముట్టు జారి బొటనవేలి కింద కండలోకి దిగింది.

నాగమణి వచ్చేసరికి బల్లంతా రక్తం. "ఏటి మాస్టారూ ఇది! సెయ్యి పైకెత్తండి" అంటూ గుడ్డ చుట్టింది. గోడమీది జాగ్రత్తల బోర్డు వైపు చూసి, "సేతిలో ఎట్టుకుని స్క్రూ ఇప్పకూడదని రాసింది మీరే కదండీ" అంది. వెటకారంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే జాలిపడింది, అది మరీ భరించలేకపోయాను.

నాలుగు కుట్లు పడ్డాయి. ప్రమాదాల రిజిస్టరు గాయపడినవాడే రాయాలి. 'సరైన పనిముట్టు ఎందుకు వాడలేదు' అన్న గడి దగ్గర నా కలం ఆగింది. దొరకలేదని రాయబోయాను.

"ఉన్నదే రాసీండి మాస్టారూ" అంది సాక్షిగా నిలబడ్డ నాగమణి. "మీ బిళ్ల ఇంకా అక్కడే ఏలాడతంది."

సరైన స్క్రూడ్రైవర్ ఏడో నంబరు మీద ఉంది, ఏడో నంబరు నేనే అని రాశాను. ఇంజనీరు గారు చదివి సంతకం చేశారు. మర్నాడు నాగమణి బ్యాటరీలు తీసేసి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు గేమ్‌కు తగలకుండా మణికట్టుకు ఎర్తు తీగ కట్టుకుని, గేమ్‌ను బల్లమీది రబ్బరు పరుపుపై పెట్టి పని ముగించింది. నేను అరగదీసిన స్క్రూను కూడా ఓపికగా తీసింది. తెర వెలిగింది. ఆ వారంలోనే టూల్ రూమ్ తాళంచెవి ఆమె చేతికి వెళ్లింది.

తర్వాత కొత్తవాళ్లకు మొదట ఇదే నేర్పాను: సరైన పనిముట్టు లేకపోతే పని మొదలుపెట్టొద్దు, ఉంటే, పని ఎవరిదో వాళ్లకివ్వండి. అసూయ తగ్గిందా అంటే, తగ్గలేదు. రిటైరయ్యేదాకా ఏ పనిముట్టు కావాలన్నా నా బిళ్ల ఆమె చేతిలో పెట్టే తీసుకున్నాను.