మార్సేయ్ నుంచి రాటర్‌డామ్‌కు ఆరు టికెట్లు

నేను ఐరోపాలో అడుగు పెట్టలేదు. అయినప్పటికీ మార్సేయ్ రేవు నుంచి రాటర్‌డామ్ వరకు వెళ్ళే నిదానపు రైళ్ళు ఎక్కడెక్కడ ఆగుతాయో, పారిస్‌లో ఏ స్టేషనులో దిగి ఏ స్టేషనుకు నడవాలో ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. బి.ఏ. పట్టా చేతికి వచ్చిన ఏడాది, రంగూనులో ఒక వర్షాకాలమంతా నా మనస్సు ఆ దారి మీదే తిరిగింది. కూర్చున్న చోట కూర్చోలేకపోయేవాడిని.

మా నాన్న రంగూను రేవులో మట్టి తోడే ఓడ మీద పనిచేసేవారు. నది తెచ్చి పోసే ఒండ్రును గొలుసుకు బిగించిన ఇనుప బొక్కెనలతో అడుగు నుంచి పైకెత్తడం ఆ ఓడ పని. ఆ గొలుసుకు నూనె పట్టించడం, అది ఎప్పుడు ఎక్కడ పట్టేయబోతున్నదో చప్పుడును బట్టి ముందే చెప్పడం నాన్న పని. ఇరవై రెండేళ్ళు అదే చప్పుడు వింటూ గడిపినందువల్ల ఇంట్లో మా మాటలు ఆయనకు సగమే వినిపించేవి.

ఆ ఏడాది పాత ఓడకు బదులు కొత్తది హాలెండులో తయారవుతున్నదనీ, దానిని నడిపించుకుని తీసుకురావడానికి మనవాళ్ళను ఆరుగురిని పంపుతారనీ తెలిసింది. మార్సేయ్ వరకు ఓడ ప్రయాణం రేవు పనుల కాంట్రాక్టరే చూసుకుంటాడు. అక్కడి నుంచి రాటర్‌డామ్ వరకు రైలు ప్రయాణానికి ఒక మొత్తం, ఆరుగురిలో ఒకడైన మేస్త్రీ చేతికి ఇస్తాడు. ఆ మొత్తంతో ఎంతమంది వెళ్ళగలిగితే అంతమందే వెళ్ళాలి. మేస్త్రీ ప్రయాణ ఏజెన్సీకి వెళ్ళి కనుక్కుంటే రెండవ తరగతి టికెట్లు నలుగురికే వస్తాయని తేలింది. ఆరుగురిలో పెద్దవయసు నాన్నది. తగ్గించవలసి వస్తే మొదట తగ్గేది తానేనని ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైంది.

నాన్న అంతవరకు నన్ను ఏదీ అడిగి ఎరుగరు. మా ఇంటిలో అక్షరం నేర్చిన మొదటివాడిని నేనే కావడంతో, నా చదువును తాకితే మాసిపోయే వస్తువులాగా చూసేవారు. ఆ సాయంత్రం మాత్రం రేవు దగ్గరి లమ్మడా పేటలోని మా గది గుమ్మంలో కూర్చుని, కాళ్ళకు అంటిన నల్లని జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ అడిగారు.

"ఒరే నాయినా, ఆ రైలు టికెట్టు సవగ్గా దొరికీ దారి ఏటన్నా ఉందేటో సూస్తావా? ఆ ఓడ పుట్టిన సోటు ఒక్కపాలి సూడాలని ఉంది."

మరునాటి నుంచి నేను పనిచేసే బియ్యపు మిల్లు కార్యాలయంలో మధ్యాహ్న విరామం కాగానే, భోజనం మాని, వర్షంలో ఏజెన్సీకి నడిచేవాడిని. అక్కడి గుమాస్తా పెద్దవయసు బర్మీయుడు. అక్కడి మర్యాదను అనుసరించి నేను ఆయనను 'సయా', అంటే గురువుగారు, అని పిలిచేవాడిని. మా సంభాషణ ఇంగ్లీషులో సాగేది. ఐరోపా రైళ్ళ వేళలన్నీ ముద్రించిన లావుపాటి పుస్తకం ఒకటి ఆయన బల్ల మీద ఉండేది. దానిని బయటికి తీసుకుపోనివ్వరు. నిలబడి చూడవచ్చునన్నారు. నిలబడి చూశాను. తల నుంచి నీళ్ళు కారి పేజీల మీద పడకుండా ఒక చేత్తో జుట్టు ఒత్తుకుంటూ, మరొక చేత్తో అంకెలు రాసుకున్నాను.

నాలుగవ రోజున నాకు ఒక సంగతి బోధపడింది. ఏజెన్సీవారు చూపినవన్నీ వేగంగా పోయే రైళ్ళు. వాటిలో మొదటి రెండు తరగతులే ఉన్నాయి. ప్రతి ఊళ్ళోనూ ఆగుతూ పోయే రైళ్ళలో చెక్కబల్లల మూడవ తరగతి ఉన్నది. వాటిని ఒకదాని తరువాత ఒకటి అందుకుంటూ పోతే ఒకరోజు ఎక్కువ పడుతుంది, కాని ఖర్చు సుమారు నాలుగోవంతు తగ్గుతుంది. ఈ మాట చెప్పినప్పుడు సయా కళ్ళజోడు తీసి నావైపు చూశారు. ఆ కౌంటరు దగ్గర ఇంతవరకు మూడవ తరగతి అడిగినవారు లేరనీ, బి.ఏ. చదివింది చెక్కబల్ల వెతకడానికా అనీ అన్నారు. ఆ చెక్కబల్ల మీద మా నాన్న కూర్చుంటారని జవాబు చెప్పాను. ఆయన పుస్తకాన్ని నావైపు తిప్పి పెట్టి, ఒక కుర్చీ తెప్పించారు.

అయినా ఐదుగురికే సరిపోతున్నది. ఆ రోజుల్లో ఫ్రాన్సు నాణెం విలువ పడిపోతూ ఉండేది. ఒక వారం ఆగితే ధర ఇంకా తగ్గవచ్చునని సయా అన్నారు. పెరగనూవచ్చును. ఆ వారం నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడిని. కార్యాలయంలో ఒకే ఉత్తరాన్ని రెండుసార్లు నకలు రాసి పెద్దదొర చేత చీవాట్లు తిన్నాను. ఇంట్లో నాన్న ఏమీ అడిగేవారు కాదు. నా చెప్పుల చప్పుడు మెట్ల మీద వినగానే గొలుసు చప్పుడు వింటున్నట్లు తల ఒక పక్కకు వంచేవారు. ఎనిమిదవ రోజున ధర దిగింది. మేస్త్రీ చేతిలోని మొత్తంతోనే ఆరు టికెట్లు కొన్నాను.

టికెట్టు అంటే ఒక్క చీటీ కాదు, చిన్న పుస్తకం. అట్ట లోపల మూడు కాగితాలు: మార్సేయ్ నుంచి పారిస్‌కు ఒకటి, పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు ఒకటి, అక్కడి నుంచి రాటర్‌డామ్‌కు ఒకటి. ఏ కాగితాన్నయినా రైలులో అధికారే చింపుకోవాలి, ముందుగా విడిపోతే చెల్లదు. ఈ నిబంధనలన్నిటినీ నేను తెలుగులోకి అనువదించి, ఒక ఆదివారం ఆరుగురినీ, వారి ఇళ్ళవాళ్ళనూ మా వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. శ్రద్ధగా, తప్పు లేకుండా, పుస్తకాలలో ఉండే భాషలో అనువదించాను. అందరూ చేతులు కట్టుకుని విన్నారు. సందేహాలున్నవా అని అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. అది నా అనువాదపు స్పష్టత అనుకుని సంతోషించాను.

ప్రయాణం శనివారం నాడు. ఓడ మూడుగంటలకు. డెక్కు ప్రయాణికులను ఉదయమే వైద్యపరీక్షకు రేవు ఆవరణలోకి పంపేవారు. లోపలికి వెళ్ళినవాళ్ళు మరి బయటికి రాకూడదు. ఇనుపకమ్మీల కంచె ఇవతల నిలబడి, చివరిసారిగా టికెట్టు పుస్తకాలు చూస్తానని అడిగాను. మేస్త్రీ ఆరింటినీ కమ్మీల సందులోంచి అందించాడు. ప్రతిదానిలోనూ రెండే కాగితాలు ఉన్నాయి.

నా ముఖం చూసి మేస్త్రీ నవ్వాడు. "కంగారు పడకు బీయే బాబూ. ఆకరి ముక్కలు ఇల్లల్లో ఉన్నాయి. ఆడోల్ల కాడ."

అది మావాళ్ళ ఆనవాయితీ. విశాఖపట్నం నుంచి రంగూనుకు వచ్చే డెక్కు టికెట్టుకు ఒక తోక ఉండేది. ఎక్కేటప్పుడు పై భాగం చింపుకుంటే ఆ తోకతో ఎవరికీ పని ఉండదు. దానిని ఇంటి ఆడవాళ్ళ చేతిలో పెట్టి ఓడ ఎక్కేవారు. దాని మీద ఓడ పేరు, నంబరు ఉంటాయి. మనిషి కబురు తెలియనప్పుడు చదువురాని ఆ స్త్రీలు దానిని ఓడల ఆఫీసుకు పట్టుకుపోయి కౌంటరు మీద పెట్టేవారు. మాటలు అక్కరలేదు. ఆరుగురూ రాటర్‌డామ్ పేరున్న కాగితాన్ని అదే విధంగా చింపి ఇళ్ళలో ఇచ్చి వచ్చారు.

నాన్న కమ్మీల దగ్గరికి వచ్చారు. "తప్పు సేసినామేటి?" అని మెల్లగా అడిగారు.

లేదన్నాను. పుస్తకాలు తీసుకుని ఏజెన్సీకి పరుగెత్తాను. సయా ఒక్కొక్క పుస్తకాన్నీ తెరిచి చూశారు. చివరకు, ఆరు ముక్కలనూ తెస్తే ఒక్కొక్కదానిని దాని పుస్తకంలో అతికించి, పక్కన ఏజెన్సీ ముద్ర వేసి, మేనేజరు సంతకం చేయిస్తానన్నారు. శనివారం కాబట్టి ఒంటిగంటకు తలుపులు మూస్తారు. ఒక ముక్క తగ్గితే ఒక మనిషి బ్రస్సెల్స్‌లో దిగిపోవలసిందే, భాష తెలియదు, చేతిలో పైకం లేదు. అలాంటివాడిని ఓడ ఎక్కించవద్దని కూడా చెప్పారు. అప్పటికి పది దాటింది.

ఆరు కుటుంబాలూ లమ్మడాలో మా మేడలోనే ఉండేవి. మెట్లు ఎక్కుతూనే అందరినీ కేక వేశాను. సంగతి చెప్పాను. స్త్రీలందరూ మా అమ్మ వైపు చూశారు. అందరిలో పెద్దది ఆమే. ఆమె ఇస్తే అందరూ ఇస్తారు. అమ్మ కాగితాన్ని బియ్యపు డబ్బాలోంచి తీసింది గాని నాకు అందించలేదు, గుప్పిట్లో పెట్టుకుంది.

"ఇది ఇచ్చీస్తే నా కాడ ఏటుంటాది?"

నాన్న ఎక్కడికి వెళ్తున్నారో, ఏ రోజున ఎక్కడ ఉంటారో నేను రాసి ఇస్తానన్నాను.

"నువ్వు రాసిన కాయితం ఆపీసోడికేటి లెక్క? ఇది ఆల్లు అచ్చేసినది."

ఇది పుస్తకంలో లేకపోతే నాన్న దారిలో ఆగిపోతారనీ, అసలు బయలుదేరడమే పడదనీ అన్నాను. ముందుగా చింపకూడదని ఆదివారం నాడు చదివి వినిపించానని కూడా అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

"ఏటని సదివినావు?"

నేను కంఠతా చెప్పాను: "విచ్ఛిన్నమైన పత్రములు నిరర్థకములగును."

అమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"సింపొద్దు అని సెప్పలేకపోనావేటి, నాయినా?"

వీథిలో ఎక్కడో గడియారం అరగంట కొట్టింది. కాళ్ళు నిలవక వరండా ఆ చివరికి నడిచి వెనక్కి వచ్చాను. అప్పుడు మేస్త్రీ భార్య మాట్లాడింది. ఆమె బర్మీయురాలు, మా తెలుగు సగం సగం వచ్చును. "ఆ ముక్కలో ఏటుందో అచ్చు అలాగే రాయి, మౌంగ్. నంబరు, గీతలు, అన్నీ. మా ముందర కూకుని రాయి. మేం సూస్తాం," అన్నది. తమ్ముడిని పిలిచినట్లు ఆమె నన్ను ఎప్పుడూ 'మౌంగ్' అనే పిలిచేది.

అమ్మ గుప్పిలి తెరవలేదు, కాదనీ అనలేదు. నేను దొరికిన దళసరి కాగితాన్ని ఆరు ముక్కలుగా కోసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే తమ ముక్కను నా ముందు పెట్టి పక్కనే చతికిలబడ్డారు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంచు గీత, మూల ఉన్న నంబరు. ఒకామె వేలితో గీతను చూపించి, అక్కడ రెండు గీతలుంటే నేను ఒకటే గీశానని అన్నది. నిజమే. దిద్దాను. ఐదు పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. అప్పుడు అమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తన ముక్కను నేల మీద పెట్టి, రాసినంతసేపూ దాని అంచు మీద వేలు ఉంచింది. రాయడం అయ్యాక రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. చదవడం రాని ఆ కళ్ళు ఏమి పోల్చుకున్నాయో నాకు తెలియదు. అచ్చుముక్కను నావైపు తోసింది.

"ఎల్లు. తొందరగా ఎల్లు."

ఒంటిగంటకు కొద్దిగా ముందు సయా ఆరవ ముద్ర వేశారు. కమ్మీల సందులోంచి పుస్తకాలు ఇస్తూ, ఈసారి నా భాషను పక్కన పెట్టి, "సింపకండి. రైలోడు సింపితేనే సింపనివ్వండి," అన్నాను. ఆరుగురూ ఒక్కసారిగా తల ఊపారు. నాన్న నవ్వుతూ, నా చేతికి అంటిన సిరాను తన పంచె కొంగుతో తుడిచారు. ఆయన చేతి జిడ్డు నా వేళ్ళకు అంటింది.

ఆ తరువాత రోజులు నాకు ముందటి రోజులకన్నా కష్టమయ్యాయి. వేళల పుస్తకంలోంచి రాసుకున్న కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడిని. మార్సేయ్‌లో దిగవలసిన రోజున గడియారం చూస్తూ, ఇప్పుడు ఫలానా ఊరు దాటి ఉంటారు అనుకునేవాడిని. పారిస్‌లో ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు నేను గీసి ఇచ్చిన పటంలో ఒక వంతెనకు ఇవతల తిరగాలా అవతల తిరగాలా అన్న అనుమానం ఆ తెల్లవారుజామున పుట్టి నన్ను వదలలేదు. ముద్రను అక్కడివాళ్ళు ఒప్పుకుంటారా అన్నది మరొక అనుమానం. ఏజెన్సీకి వెళ్ళి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అమ్మకు చాలింది. నేను కార్యాలయం నుంచి వచ్చేసరికి ఒకరోజు ఆమె పొయ్యి వెలిగించకుండా గుమ్మంలో కూర్చుని ఉంది. నేను రాసిన ముక్కను పట్టుకుని ఒక్కతే ఏజెన్సీకి నడిచి, కౌంటరు మీద పెట్టి నిలబడిందట. సయా కాంట్రాక్టరు ఆఫీసుకు మనిషిని పంపి కనుక్కున్నారట.

"ఎంతమంది అని నాకొచ్చిన బర్మా మాటల్లో ఒక్కటే అడిగినాను," అన్నది. "ఆరుగురూ రైలు దిగి ఓడ కాడికి సేరినారట. తంతి ఒచ్చిందట."

నేను జేబులోంచి వేళల కాగితం తీసి పక్కన పెట్టాను. అమ్మ నావైపు చూడకుండా కొంగు ముడి విప్పి, నేను రాసిన ముక్కను తీసింది.

"కాయితం సూసి ఆ ముసిలాయన నవ్వినాడు. టికెట్ల లెక్క రాసిన పుస్తకంలో సూసుకుని, నంబర్లో ఒక అంకె పోనాదని సెప్పినాడు. నువ్వు వొదిలీసినావట."

దిద్ది ఇస్తానని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. బియ్యపు డబ్బా మూత తీసి దానిని లోపల పెట్టి, రాత్రికి బియ్యం కొలిచింది.

"అయ్య వొచ్చినాక దిద్దుదువుగానిలే," అన్నది.