పిలవకుండా తెరుచుకున్న విండో

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారన్న మాటను నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంలో పెరిగినవాణ్ణి. మా సంఘంలో ఎవరైనా దయ్యం ఊసెత్తితే మొదట అడ్డుచెప్పేది నేనే. ఇది మాత్రం పట్టపగలు, నా కళ్ల ముందు జరిగింది.

మాది నిజామాబాద్. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఆదివారం బోధన్‌లోని మా సంఘంలో ప్రార్థన మనవులు, అంటే ఎవరి కోసం ప్రార్థించాలో ఆ విన్నపాలు, చదివేది నేనే. ఒక్కో మనవికి ఒక్కో ఫైలు ఉంటుంది. నేను వాడే టెక్స్ట్ ఎడిటర్‌కు కోడు రాసి మనకు కావలసిన పనులు నేర్పుకోవచ్చు. అందుకని దానికో ఎక్స్‌టెన్షన్ తయారుచేస్తున్నాను. ఎడమవైపు విండోలో మనవి, కుడివైపు వాక్యం, కింద పాటల వరుస. ఒక మీట నొక్కితే మనవి మూసుకుపోయి, మిగతావి తమ చోట్లకు రావాలి. నేను పిలవనిది ఏదీ తెరుచుకోకూడదు.

ఆ పనిలో పడి తిండి ధ్యాస కూడా లేకుండా పోయింది. "గా తెరమీది కిటికీలు సదురుడే సరిపాయె నీకు. ఇంట్ల కిటికీకి గొళ్లెం లేక ఏడాదాయె" అని నా భార్య దెప్పింది.

ఆ ఫైళ్లలో దావీదుది ఒకటి. ఎడపల్లిలో బీడీలు చుట్టే మరియమ్మ అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. గల్ఫ్‌కు పోయి జాడ లేకుండా పోయాడు. రెండేళ్లు ప్రతివారం అతని పేరు చదివాను. తర్వాత కబురు వచ్చింది. అక్కడే చనిపోయాడట, అక్కడే మట్టి చేశారట. చనిపోయినవారి కోసం మేము ప్రార్థించం. ఫైలు తీసేశాను.

అప్పటి నుంచి అవ్వ సరిగ్గా తినడం లేదని నాకు తెలుసు. ఒంటరిది. సోమవారం వస్తానని మాటిచ్చాను. కోడు పని తెగక వెళ్లలేదు. మంగళవారమూ పోలేదు.

బుధవారం పొద్దున పదకొండు దాటాక ఎడమవైపు విండో దానంతట అదే తెరుచుకుంది. పైన దావీదు పేరు. లోపల ఖాళీ.

నా కోడులోనే తప్పుందనుకుని మూశాను. కాసేపటికి మళ్లీ తెరుచుకుంది. డిస్కులో ఆ ఫైలు లేదు. కోడంతా వెతికినా ఆ పేరు లేదు. ఏ ఆదేశం ఎప్పుడు నడిచిందో రాసుకునే లాగ్ తీసి చూశాను. నేను మూసిన ప్రతిసారీ నమోదై ఉంది. తెరిచినట్టు మాత్రం ఒక్కసారీ లేదు. మూడోసారి వచ్చాక ఎక్స్‌టెన్షన్‌నే తీసేసి, ఎడిటర్‌ను కొత్తగా తెరిచాను. నాలుగోసారీ వచ్చింది.

కుర్చీలో కూర్చోలేకపోయాను. మోకరించాను. అవ్వకిచ్చిన మాటే గుర్తొచ్చింది. లేచి ఎడపల్లికి బండి తీశాను. చెరకు ట్రాక్టర్ల వెనక ఆగిన ప్రతిచోటా హారన్ కొట్టాను.

అవ్వ ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. పక్కింటి లక్ష్మక్క నన్ను చూసి, "గిప్పుడు దొరికిందా తొవ్వ? నేను తల్లిగారింటికి పోయి గిప్పుడే అచ్చిన. అవ్వ మీ తానికే అచ్చిందనుకున్న" అంది.

తలుపు తోశాను. అవ్వ నేలమీద పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. బీడీలు చుట్టడానికి తడిపిపెట్టుకున్న తునికాకు చాటలోనే ఎండి పెళుసైపోయింది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. లక్ష్మక్కా నేనూ ఆటోలో బోధన్ దవాఖానకు తీసుకుపోయాం. సాయంత్రం దాకా ఆగితే దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

ఆ తర్వాత విండో మళ్లీ రాలేదు. తీసేసిన ఎక్స్‌టెన్షన్‌ను మళ్లీ పెట్టాను, అదే కోడు, అదే ఎడిటర్. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు.

మూడోరోజు అవ్వ లేచి కూర్చుని అడిగింది. "నిన్ను ఎవ్వలు తోలిండ్రు బిడ్డా?"

దేవుడేనని మా సంఘంలో చిన్నపిల్లలు కూడా జవాబు చెబుతారు. అందరి ముందు నిలబడి ప్రార్థించే నేను మాత్రం గ్లాసులో నీళ్లు పోసి ఆమెకు అందించాను.

"నా కొడుకేనా?"

అవునని అంటే నేను నేర్చుకున్న వాక్యం ఒప్పుకోదు. కాదని అనడానికి నేను చూసింది ఒప్పుకోదు.

అవ్వ ఇప్పటికీ ఆదివారాలు అదే అడుగుతుంది. బండి మీద ఇంటి దగ్గర దింపి, పొయ్యి వెలిగించి అన్నం తినేదాకా కూర్చుని వస్తాను. జవాబు మాత్రం ఇంకా చెప్పలేదు.