బక్కోడి బరువు

ఈ వృత్తాంతాన్ని ఇప్పుడు కాగితం మీద పెట్టవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా మనవి చేస్తాను. ఇటీవల ఒక బంధువుల గృహప్రవేశంలో, భోజనాల పంక్తిలో నాకు నాలుగు విస్తళ్ళ అవతల కూర్చున్న ఒక పెద్దమనిషి, బహ్రెయిన్‌లో నేను సాకిన కుక్క కథను ఎత్తుకున్నాడు. "మాస్టారు దాన్ని కడుపు మాడ్చి చంపేద్దురండి! ఆఖరికి నేనే ఓ ఉపాయం పన్ని గట్టెక్కించానండి, ఆయ్!" అని ముగించేసరికి పంక్తి అంతా పకపక నవ్వింది. పులుసు వడ్డిస్తుండగా వాదానికి దిగడం మర్యాద కాదు గనుక నేను మౌనం వహించాను. ఆ మౌనాన్ని అంగీకారంగా లోకం భావించే ప్రమాదం ఉంది. కనుక జరిగినది జరిగినట్టు, వరుస తప్పకుండా రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే తొంభైల తొలినాళ్ళలో, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాణ్ణి జనం టేప్‌రికార్డరు తెచ్చావా, సెంటు తెచ్చావా అని అడిగేవారు తప్ప అక్కడ నువ్వు ఎలా ఉన్నావని అడిగినవారు అరుదు. అడిగి ఉంటే నేను చాలా గొప్పగా ఉన్నానని చెప్పేవాణ్ణి. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ప్రపంచం సక్రమంగా నడవకపోవడానికి ఏకైక కారణం దాని నిర్వహణను నాకు అప్పగించకపోవడమేనని నా దృఢ విశ్వాసం. మీనా సల్మాన్ ఓడరేవు దగ్గర ఒక గోదాములో స్టోర్‌కీపరుగా ఉండేవాణ్ణి. నా గోదాములో బోల్టులు సైజుల వారీగా, పైపులు పొడవుల వారీగా, మూలనున్న చీపుళ్ళు సైతం ఎత్తుల వారీగా నిలబడేవి. అందుకే మేముండే కార్మికుల క్యాంపులో అందరూ నన్ను 'మాస్టారు' అనేవారు. (అది గౌరవమని చాలా కాలం అనుకున్నాను.)

ఒక ఉదయం గోదాము తలుపు తీసేసరికి, పైపుల అరల కింద ఒక కుక్క పడి ఉంది. అంత పొడుగు కాళ్ళ కుక్కను నేను అంతకు మునుపు చూడలేదు. ఇసుక రంగు ఒళ్ళు, సన్నని మూతి, గీసినట్టు కనిపించే పక్కటెముకలు, వెనుక కాలికి గాయం. ఊళ్ళో దిక్కులేని జంతువులను చేరదీసే ఒక ఇంగ్లీషు ఆవిడకు ఎవరో కబురు పెట్టారు. (మేము ఆవిడను కుక్కల దొరసాని అనేవాళ్ళం, వెనుకనే.) ఆవిడ వచ్చి కాలికి కట్టు కట్టి, ఇది లర్చర్ అని, అంటే గాలిలా పరుగెత్తే వేటకుక్కకు మరో జాతి కలిసి పుట్టినదని, ఈ దేశపు సలూకీ వేటకుక్కల రక్తం ఇందులో ఉందని వివరించి, అందరినీ కలయజూసి అడిగింది: "ఇక్కడ బాధ్యులు ఎవరు?"

పాఠకులారా, అలాంటి ప్రశ్న వినిపించాక నోరు మూసుకొని ఉండగల శక్తి నాకు ఆనాడు లేదు. "నేనే" అన్నాను, ఒక అడుగు ముందుకు వేసి మరీ. ఆవిడ సంతోషించి తాడు నా చేతిలో పెట్టింది. తన ఆశ్రమంలో ఖాళీ లేదని, శాశ్వతంగా పెంచుకునే ఇల్లు దొరికేదాకా తాత్కాలిక సంరక్షణ నాదేనని, కాస్త ఒళ్ళు చేయాలని, రోజుకు రెండు పూటలు తిండి చాలునని చెప్పి, సెలవు మీద తన దేశం వెళ్ళిపోయింది. క్యాంపు బాసు మాత్రం నిక్కచ్చిగా చెప్పాడు: వచ్చే నెల కఫీల్, అంటే మా అందరి వీసాల యజమాని, క్యాంపు తనిఖీకి వస్తాడు, ఆలోపు కుక్క ఉండకూడదు, ఖలాస్. అంటే ఇల్లు దొరకకపోతే అది మళ్ళీ వీధి పాలే. లారీలు తిరిగే ఆ ఓడరేవు దారుల్లో, ఆ కాలితో, ఎన్నాళ్ళు బతుకుతుందో ఊహించడానికి మనసొప్పేది కాదు.

కుక్కను క్యాంపుకు తీసుకువెళ్ళగానే ఎదురుపడినవాడు మా వంటవాడు. కోనసీమ మనిషి. ప్రతివాణ్ణీ బావా అని పిలిచేవాడు గనుక ప్రతివాడూ అతణ్ణి బావ అనేవాడు. అతను చేతిలోని గరిటె అలాగే పట్టుకొని కుక్క చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "అయ్య బాబోయ్! పక్కటెముకలు లెక్కెట్టొచ్చండి మాస్టారూ. ఇలా బక్కచిక్కినోణ్ణి ఇలాగే పంపేత్తే మన పరువేం గానండి?" అన్నాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన తాపీమేస్త్రీ, కరీంనగర్ వైపు వాడు, అందరికంటే పెద్దవాడు కనుక మా అందరికీ పెద్దన్న, కుక్క ముందు గొంతుకూర్చొని నిట్టూర్చాడు. "దుబాయికొచ్చి గింత బక్కగైతే, ఇంటికాడ ఏం మొగం వెట్టుకొని పోతడు సారూ?" (ఆయనకు గల్ఫ్ అంతా దుబాయే.) నేను దానికి పవనుడని నామకరణం చేసి ప్రకటించాను. ఎవరూ వినలేదు. ఆ సాయంత్రానికే దాని పేరు బక్కోడు.

నేను ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి తిండి వేళలు నిర్ణయించాను. కొలత గిన్నె కూడా గోదాము నుంచి తెప్పించాను. అంతా క్రమబద్ధంగా సాగుతోందని, నా పర్యవేక్షణలో కాలి గాయం కూడా మాని కుక్క చక్కగా కోలుకుంటోందని గర్వించాను. కాని మన తెలుగువాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఎదురుపడిన మనిషిని కుశలం అడగడానికి బదులు "తిన్నావా?" అని అడుగుతాం. క్యాంపులో షిఫ్టు దిగి వచ్చే ప్రతివాడూ బక్కోణ్ణి చూసి "తిన్నవారా?" "తిన్నావేంట్రా?" అని ప్రేమగా పలకరించేవాడు. తిన్నానని చెప్పే అలవాటు ఆ కుక్కకు బొత్తిగా లేదు. అప్పుడే తిన్నా సరే, తల ఒక పక్కకు వాల్చి, లోకంలోని కరువులన్నీ కళ్ళలోకి తెచ్చుకొని చూసేది. పైగా పక్కకు వచ్చి మన కాలికి తన ఒళ్ళంతా ఆనించి నిలబడేది. అలా ఆనుకున్న ప్రాణికి లేదనగలవాడు మా క్యాంపులో లేడు. పెద్దన్న సైటు నుంచి మిగిలిన ఖుబ్బూస్ రొట్టెలు జేబులో తెచ్చేవాడు. రాత్రి షిఫ్టు వాళ్ళు గుడ్లు తెచ్చేవారు. బావ సంగతి చెప్పనక్కరలేదు. ప్రతివాడూ తానొక్కడే పెడుతున్నాననుకున్నాడు. రోజూ చూసే కళ్ళకు పెరుగుదల కనపడదంటారే, అదే జరిగింది. నేను కూడా తాడు మెడకు బిగుతైతే తాడే కుదించుకుపోయిందనుకున్నాను.

సెలవు ముగించుకొని దొరసాని తిరిగి వచ్చింది. ముఖమంతా వెలుగుతోంది. హమద్ టౌనులో ఒక పెద్దాయన దొరికాడట. ఒకప్పుడు పెద్ద పడవలు నడిపిన నాఖుదా, అంటే సరంగు వంటివాడు. చిన్ననాడు వాళ్ళ ఇంట వేటకుక్కలు ఉండేవి. ఇప్పుడు పిల్లలందరూ ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళాక, విశాలమైన ఆవరణలో మళ్ళీ ఒక కుక్క పరుగెత్తగా చూడాలని కోరికట. ఈ శుక్రవారమే చూస్తాడు. "ఏడీ మన వీరుడు?" అని అటూ ఇటూ చూసింది. వీరుడు వంటగది గుమ్మంలో అడ్డంగా పడుకొని ఉన్నాడు. గుమ్మం నిండింది. ఆవిడ దేవుణ్ణి ఇంగ్లీషులో తలుచుకొని, గోడకు ఆనుకొని, అసలు సంగతి చెప్పింది. ఈ జాతికి పక్కటెముకలు కొద్దిగా కనపడటమే ఆరోగ్యమట! ఎండిన ఒళ్ళు దాని దరిద్రం కాదు, దాని అందమట! "మిమ్మల్ని ఒక కుక్కను చూసుకోమన్నాను. మీరు దాన్ని పీపా చేశారు!"

అప్పుడు మొదలైంది మా క్యాంపులో యుద్ధం. శుక్రవారానికి అట్టే వ్యవధి లేదు. నేను అత్యవసర సమావేశం ఏర్పాటు చేసి, వంటగదిని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించి, తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున పరుగు పథకం రచించాను. నిజం చెప్పవద్దూ, అంత ఉత్సాహం నా జీవితంలో మళ్ళీ ఎరుగను! లుంగీలు ఎగగట్టి పదిమందిమి పరుగెత్తాం. బక్కోడు కాసేపు మాతో నడిచి, చల్లని ఇసుక చూసుకొని నడుము వాల్చేవాడు. మేము మాత్రం ఆగకుండా పరుగెత్తేవాళ్ళం, వాడికి ఆదర్శంగా. "గిదేం కథ సారూ, బరువు కుక్కకున్నది, ఆయాసం మనకస్తున్నది" అని పెద్దన్న రొప్పాడు. మర్నాడు ఉదయం చూస్తే బావ కంచం పట్టుకొని కుక్క పక్కన దొరికాడు. "ఏమిటయ్యా ఇది?" అని గర్జించాను. "పెరుగన్నం అండి" అన్నాడు, ఏ పాపం ఎరుగనట్టు. "తిండి పెట్టవద్దని చెప్పానా లేదా?" "పెరుగన్నం తిండేంటండి మాస్టారూ? చలవకండి. మీరిలా పరిగెట్టించేత్తే వేడి చేసేయదేంటండి పాపం!"

శుక్రవారం వచ్చింది. కంపెనీ పికప్‌లో నేను, బావ, పెద్దన్న, వెనుక బక్కోడు. దొరసాని తన కారులో. హమద్ టౌను ఇళ్ళ వరసలు దాటాక ఒక ఖాళీ మైదానంలో నాఖుదా ఎదురుచూస్తున్నాడు. నిటారైన పొడుగాటి మనిషి, తెల్లని అంగీ, చేతికర్ర. పడవల మీద బొంబాయి తిరిగిన కాలంలో నేర్చిన హిందీ ధారాళంగా మాట్లాడతాడు. బక్కోడు పికప్ నుంచి దిగిన తీరు చూసి (దిగాడనడం కంటే జారాడనడం న్యాయం) ఆయన, "భాయ్, నేను అడిగింది కుక్కను. మీరు ఆవును తెచ్చారా?" అన్నాడు. తాడుకు కట్టిన గుడ్డపేలికను, వేటకుక్కలను పరుగెత్తించే పాత పద్ధతిలో, గిరగిర తిప్పి దూరంగా విసిరాడు. బక్కోడు దాన్ని శ్రద్ధగా చూశాడు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ శ్రద్ధగా చూశాడు. మూడవసారి మెల్లగా వచ్చి, నా కాలికి ఒళ్ళంతా ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. నాఖుదా తల అడ్డంగా ఊపాడు. "పరుగెత్తని వేటకుక్కను చూస్తూ కూర్చుంటే నా వయసు నాకే గుర్తొస్తుంది. మాఫ్ కరో" అని కర్ర తీసుకొని వెనుదిరిగాడు. దొరసాని ముఖం పాలిపోయింది. నా కాలి మీద ఆ బరువు వెచ్చగా ఉంది. కఫీల్ తనిఖీ తలపుకు వచ్చింది, లారీలు తిరిగే దారి తలపుకు వచ్చింది.

ఇక్కడే చరిత్రను వక్రీకరిస్తున్నారు గనుక జాగ్రత్తగా చదవమని ప్రార్థన. మైదానం అవతలి కొస దాకా బావ ఎప్పుడు వెళ్ళాడో మేము చూడలేదు. దుఃఖం ఆపుకోలేక వెళ్ళాడని నా నమ్మకం. ఉపాయం పన్ని వెళ్ళానని, మొన్న భోజనాల పంక్తిలో చెప్పినట్టే, అతని బుకాయింపు. వెళ్ళినవాడు ఊరికే వెళ్ళలేదు. చంకలో ఒక టిఫిన్ క్యారియరు దాచి తెచ్చాడు! (ఆ ఉదయం పికప్‌లో వేయించిన చేపల వాసన వచ్చినప్పుడే నేను గ్రహించి ఉండవలసింది.) అంత దూరాన అతను క్యారియరు మూత తీశాడు. చిన్న చప్పుడు, టింగుమని. నా కాలి మీద బరువు మాయమైంది.

కిందికి చూశాను, కుక్క లేదు. తల ఎత్తేసరికి మైదానం మధ్యలో ఉంది! అంత కుక్క, అంత పొట్ట, నేల మీద కాలు ఆనుతోందా లేదా అన్నట్టు, ఒళ్ళు విల్లులా వంగి, బాణంలా సాగి, మళ్ళీ వంగి, వెనుక ఇసుక పొగలా లేస్తుండగా పోతోంది! నాలో ఎవరో గావుకేక పెట్టారు. అది నేనేనని తరువాత తెలిసింది. పెద్దన్న తలపాగా విప్పి గాలిలో తిప్పుతూ "ఉరుకు బిడ్డా! ఉరుకు! గట్ల!" అని చిందులు తొక్కుతున్నాడు. దొరసాని నా భుజం పట్టుకొని ఊపేస్తోంది. నాఖుదా కర్ర పారేసి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, "యల్లా! యల్లా!" అని పడవ మీద తెరచాప ఎత్తించేవాడిలా అరుస్తున్నాడు. అవతలి కొసన బావ, తన మీదికి దూసుకువస్తున్న ఆ వేగాన్ని చూసి, "అమ్మో! ఆగరా! ఆగరా బాబూ!" అని క్యారియరు నెత్తిన పెట్టుకొని పరుగు లంకించుకున్నాడు. (ఉపాయం పన్నినవాడు పారిపోతాడా? పాఠకులే తేల్చాలి.) రెండు అంగల్లో బక్కోడు అతణ్ణి దాటి, ముందు నుంచి తిరిగి వచ్చి, కొలిచినట్టు ఎదుట ఆగాడు. బావ కూలబడ్డాడు. చేపలు నేల పాలయ్యాయి, నేల మీద ఎంతోసేపు నిలవలేదు.

నాఖుదా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఖలాస్. వీడు నావాడు. పొట్ట నేను చూసుకుంటాను." తరువాత మా ముగ్గురినీ కలయజూసి, "ఇంతకాలం వీడికి బాధ్యులు ఎవరు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక అడుగు ముందుకు వేయడం నాకు అలవాటే. కాని ఈసారి ముందుకు అడుగు వేయకుండానే తాడు ఆయన చేతిలో పెట్టాను. "శుక్రవారాల్లో రండి, చూసి వెళ్ళండి. ఒకటే షరతు. ఖాళీ చేతులతో రావాలి. ఆ డబ్బా మనిషిని గేటు దగ్గర సోదా చేసి మరీ లోపలికి పంపిస్తాను" అన్నాడాయన.

కొన్ని వారాలు గడిచాక వెళ్ళాం. బావను నిజంగానే గేటు దగ్గర తడిమి చూశారు. బక్కోడు మునుపటిలా సన్నగా, మెరుస్తూ, ఆవరణంతా ఒక చుట్టు చుట్టి వచ్చి నా కాలికి ఆనుకున్నాడు. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగిలాయి. "చిక్కిపోయాడండీ" అని బావ కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. ఇంతలో లోపలి నుంచి ఒక పెద్ద పళ్ళెం వచ్చింది, కొండంత అన్నం, దాని మీద చేపలు. నేను మర్యాదకు నాలుగు ముద్దలు తిని చేయి తీయబోయాను. నాఖుదా నా పక్కటెముకల మీద వేలితో పొడిచి, "యా అల్లా, మీ క్యాంపులో నీకెవరూ తిండి పెట్టరా? ఇలా పంపిస్తే నా పరువేం కావాలి?" అని పళ్ళెంలోని సగం నా వైపు తోశాడు. కింద నుంచి బక్కోడు తల పక్కకు వాల్చి నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో జాలి ఉందనే నాకు అనిపించింది.

ఇప్పుడు నాకు పక్కటెముకలు ఉన్నట్టు ఎక్స్‌రే తీస్తే తప్ప తెలియదు. పరుగెత్తమని వైద్యుడు చెప్పాడు. ఉదయాన్నే వెళ్తాను, కొంత దూరం నడిచి, చల్లని సిమెంటు బల్ల చూసుకొని కూర్చుంటాను. అప్పుడప్పుడు ఏ కారణమూ లేకుండానే కాలి మీద ఒక వెచ్చని బరువు ఆనినట్టు తోస్తుంది. తల వంచి చూసుకొని, ఎవరూ గమనించలేదు గదా అని చుట్టూ చూస్తాను. లోకాన్ని సరిదిద్దడానికి బయలుదేరిన ఆ కుర్రవాడు చివరికి సరిగ్గా పట్టుకోగలిగింది ఒక తాడును మాత్రమేనని, దాన్ని కూడా సకాలంలో వదిలాడని తలచుకుంటే నవ్వు వస్తుంది.

నా జ్ఞాపకం పాతబడింది. మైదానం దిక్కు, మాటల వరుస, జాతి పేరు ఎక్కడైనా తప్పు రాసి ఉంటే, ఆనాటి బహ్రెయిన్ ఎరిగినవారు దయచేసి నన్ను దిద్దండి, వినయంగా స్వీకరిస్తాను. బావ కూడా దిద్దవచ్చు. ఇంటికి వచ్చి ఎదుట కూర్చొని దిద్దితే మరీ మంచిది. ఖాళీ చేతులతో మాత్రం రావద్దని మనవి.