వైబ్రేటో పెడల్‌లో తాత కేక

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. ఆత్మకూర్ అవతల, మా ఊరి గుట్ట దగ్గర జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక బ్యాండులో గిటార్ వాయిస్తాను. మాది గొర్లు కాసే ఇల్లు. మందను పిలవడానికి మా తాత ఒక కేక వేసేవాడు. అది మెల్లగా మొదలై, పైకి లేచి, చివర్లో వణికేది. కొడుకైనా మా బాపుకు అది ఎన్నడూ రాలేదు. ఆయన ఈల వేస్తాడు. తాత పోయాక పాత మందను అమ్మేశారు. ఇప్పుడున్న గొర్లన్నీ ఆ తర్వాత వచ్చినవే.

కొత్త పాట కోసం ఆ కేకను గిటార్‌ మీద పలికించాలని నాకు పిచ్చి పట్టింది. సెలవులకు ఇంటికొచ్చి, గిటార్ చప్పుడును మార్చే, కాలితో నొక్కే నా పెడళ్లన్నీ వాకిట్లో పరిచాను. కోరస్ పెడితే నలుగురు కలిసి పాడినట్టుంది. తాత ఒక్కడే కదా! ఫేజర్ పెడితే సుడిగాలి తిరిగినట్టుంది. చివరికి స్వరాన్ని వణికించే వైబ్రేటో పెట్టాను. వణుకు వేగం బాగా తగ్గించి, లోతు గుండీ మొత్తం తిప్పాను. తీగ మీటిన చప్పుడు వినపడకుండా గిటార్ వాల్యూమ్ మెల్లగా పెంచి, చివర్లో వేగం గుండీని ముందుకు తిప్పాను. అబ్బ! ఒళ్లు ఝల్లుమంది.

వంటింట్లోంచి అవ్వ ఉరికొచ్చింది. “ఎవ్వరే గది? మీ తాత లెక్కనే పిలిచిన్రు!” గిటార్ చూపిస్తే నా వీపు మీద ఒక్కటి చరిచి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది. “కుక్కలు పడ్డయ్ బిడ్డా. మందంత చెదిరి గుట్టెక్కింది. ఎంత మొత్తుకున్నా వస్తలెవ్వు.”

మబ్బు కమ్ముకొస్తోంది. మాకున్న ఆధారమల్లా ఆ మందే. గిటార్, వైబ్రేటో పెడల్, బ్యాటరీ స్పీకర్ స్కూటీ మీద వేసుకుని గుట్ట దగ్గరికి పోయాను.

“గీ డబ్బకు గొర్లొస్తయా బిడ్డా?” అన్నాడు బాపు, ఏడుపు గొంతుతో.

వాయించాను. ఏమీ లేదు. మళ్లీ వాయించి, చివర్లో వేగం ఇంకొంచెం పెంచాను. గుట్ట మీద గంటల చప్పుడు! “వస్తున్నయ్ బాపూ, వస్తున్నయ్!” అని గంతులేశాను. మందకు మంద కిందికి దిగింది.

కానీ స్పీకర్ దగ్గర ఒక్క గొర్రె కూడా ఆగలేదు. అన్నీ మమ్మల్ని దాటిపోయి, అవతలున్న నల్లబండ చుట్టూ నిలబడి, తలలెత్తి పైకి చూశాయి. బండ మీద ఎవరూ లేరు.

బాపు తలకు చుట్టిన తువ్వాల తీసేశాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన ఈ మంద వచ్చాక ఒక్కనాడూ ఆ బండ ఎక్కలేదు. “నాయిన గా బండ మీద నిలబడే పిలుస్తుండె,” అన్నాడు.

నాకు భయం వేయలేదు. సంతోషం పట్టలేక ఏడ్చాను.

గొర్లు ఎంత అదిలించినా కదల్లేదు. బాపు బండ వైపు తిరిగి మెల్లగా అన్నాడు, “ఇగ నేను తోలుకపోత నాయినా.”

అప్పుడు కదిలాయి.

ఆ చప్పుడు ఎలా పుట్టిందో ఎవరడిగినా గుండీలు తిప్పి చూపిస్తాను. తాతను ఎన్నడూ చూడని గొర్లకు ఆ కేక, ఆ బండ ఎలా తెలిశాయో మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.