హిట్టు చంద్రమోహన్ కొబ్బరికాయ

మా ఊరికొచ్చి చంద్రమోహన్ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పరు. హిట్టు చంద్రమోహన్ అని అడగాలి. అప్పుడు టీ అంగడి ముందు కూర్చున్నవాళ్ళలో ఒకరు ముసిముసిగా నవ్వుతారు, ఇంకొకరు దారి చూపిస్తారు. ఆ దారిన పోతే మడత నలగని తెల్లచొక్కా తొడుక్కుని, పనిచేసేవాళ్ళను చూస్తూ అరుగు మీద కూర్చున్న మనిషొకడు కనబడతాడు. ఆయనే.

వయసులో ఉన్నప్పుడు బత్తలపల్లెలో ఒక టాకీసు గేటు దగ్గర టికెట్లు చించేవాడు. ఆ టాకీసు మూతపడి కల్యాణమంటపం అయి చాలా ఏళ్ళయింది. అక్కడ ఆయన గడించుకొచ్చింది ఒక్క ఇంగ్లీషు మాట, హిట్టు. ఆ ఒక్కదానితోనే బతుకంతా లాగించేశాడు. పెళ్ళికి పోయొస్తే పెళ్ళి హిట్టు. కోడికూర బాగుంటే కూర హిట్టు. పాపం, బయ్యన్నను ఎద్దు పొడిచి ఆసుపత్రిలో వేస్తే, చూడటానికి పోయినవాడు ఊరుకోవచ్చు కదా, "ఎద్దు మంచి హిట్టిచ్చిందప్పా" అన్నాడు. సొంత మామ దినానికి వడ్డించిన భోజనాలను కూడా ఆయన వదల్లేదు. అవీ హిట్టే.

హైస్కూలు అయ్యవారు ఒకసారి ఉండబట్టలేక, "ఏమప్పా, ఆ మాటకు అసలు అర్థం కొట్టడం. తెలుసునా నీకు?" అని అడిగాడు. "కొట్టల్లంటేనే కదా సామీ నేను చెప్పేది, కొడితే హిట్టు కొట్టల్ల!" అన్నాడు చంద్రమోహన్. అయ్యవారు చేసిన నమస్కారం నేను చూశాను. దేవుడికి కూడా అంత వంగి పెట్టి ఉండడు.

మా జిల్లాకు వానల కరువే గానీ మాటల కరువెప్పుడు వచ్చింది? కొట్టడం ఒక్కటే తీసుకోండి. కొబ్బరికాయ కొడతాం, డప్పు కొడతాం, ఈతలు కొడతాం, ఎండ కొడుతుంది, పనీపాటా లేనివాడు సొల్లు కొడతాడు. బోరులో నీళ్ళొస్తే మాత్రం 'నీళ్ళు పడినాయి' అంటాం. పైనుంచి పడవలసినవి ఎటూ పడవు కాబట్టి కనీసం కిందనైనా పడాలని మా ఆశ. అలాంటి మాటను పక్కకు నెట్టి 'హిట్టు' అని అరిచేవాడిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన పాయింటు చూసేవాడు ఎలా అయ్యాడో చెప్పాలి. పాయింటు చూడటమంటే బోరు ఎక్కడ వేయాలో చూపించడం. రాప్తాడులో ఎవరో రక్తదాన శిబిరం పెడితే, బిస్కెట్లిస్తారని పోయాడు. అక్కడ ఆయనది ఓ పాజిటివ్ రక్తమని తేల్చారు. ఓ పాజిటివ్ వాళ్ళ చేతిలోనే కొబ్బరికాయ నిలబడుతుందని మా వైపు ఒక గట్టి నమ్మకం. అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని చేలో నడుస్తుంటే, కింద నీళ్ళున్న చోట అది దానంతటది లేచి నిలబడుతుందట. దేశంలో ఎంతమందికి ఆ రక్తం ఉందో ఎవరికీ పట్టలేదు. చంద్రమోహన్‌కు ఉంది, అంతే. ఏ పనీ చేతకాని మనిషికి ఒంట్లో పారే రక్తమే ఉద్యోగమై కూర్చుంది.

దానికొక పద్ధతుంది. చెప్పులు వేసుకోకూడదు. భూమికీ ఒంటికీ మధ్య తోలు అడ్డముంటే నీళ్ళ జాడ అందదంటారు. తక్కిన పాయింటు చూసేవాళ్ళు తెల్లారకముందే, నేల చల్లగా ఉండగానే నడిచేస్తారు. మనవాడు పొద్దున్నే లేచే రకం కాదు. టిఫిను తిని, చొక్కా తొడిగి, మీసం దువ్వుకుని చేలోకి దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది. పైగా ఆ పాదాలు ఏనాడూ మడకెనక దున్నుతూ నడిచినవి కావు. ఎర్రమట్టి పెనంలా కాలుతుంటే కాయను చేతిలో పట్టుకుని గబగబా, గబగబా నడిచేవాడు. ఏ వేపచెట్టు కిందకో, కానుగచెట్టు కిందకో, మోటరుగది నీడలోకో చేరగానే ఆగేవాడు. కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు కాయ లేచి నిలబడేది.

అందరి చేలల్లోనూ పాయింటు నీడలోనే పడుతోందని నేను ఒకసారి టీ అంగడి దగ్గర అన్నాను. "చెట్టుండేచోట నీళ్ళుండవా ఏమప్పా? చెట్టుకు తెలీదా?" అని నా మీదికే వచ్చారు. ఇంత జ్ఞానమున్న ఊరికి ఆ పాయింటు చూసేవాడే సరి. నాకు మాత్రం ఆయన కళ్ళు మూసుకున్నప్పుడు కాయ కంటే పాదాలే ఎక్కువ కనబడేవి. ఒక కాలి మడమను ఇంకో కాలి మీద రాసుకుంటూ ఉండేవాడు.

నీళ్ళు పడితే "నేను చెప్పలా, హిట్టు!" అని తొడ కొట్టేవాడు. పడకపోతే తప్పు ఊళ్ళో అందరికీ పంచేవాడు. రిగ్గు బండి వాడు వంకరగా దించాడు. ఇంట్లో మైల ఉండగా బోరు వేశారు. నీళ్ళు పక్కకు జరిగినాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన చూపని సాకు లేదు. ఆయన చూపించిన చోట్ల ఊరి చుట్టూ నీళ్ళు పడని బోర్ల ఉత్త కేసింగు పైపులు మట్టిలోంచి తల బయటపెట్టి నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి నా చేలో ఉంది. దాని మీద మా ఇంట్లోవాళ్ళు పాత బకెట్ బోర్లించి పెట్టారు.

ఇంత చేసినా ఆయన ఇల్లు ఎలా గడుస్తోందంటే, తిమ్మమ్మ వల్ల. తిమ్మమ్మ ఆయన భార్య. పెళ్ళయి వచ్చినప్పుడు వాళ్ళకున్నది గులకరాళ్ళ చెలక. రాళ్ళు ఏరి, గుంతలు తీసి, బిందెలతో నీళ్ళు మోసి చీనీ మొక్కలు, అదే బత్తాయి, నాటింది. అవి చెట్లై కాపుకొచ్చాయి. చేలో ఉన్నది ఒకే బోరు. అది కూడా ఆమె నాయన తెల్లవారుజామున వచ్చి వేపపుల్లతో చూసిపోయిన పాయింటు. అల్లుడి కాయ ఆనాటికి ఇంకా అంగట్లోనే ఉంది. ఆ బోరు పోస్తేనే చెట్లు, చెట్లుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. బిడ్డ లావణ్య అనంతపురంలో నర్సు చదువు చదువుతోందంటే అదీ ఆ చీనీకాయల మీదే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ పల్లకీలో ఊరేగేది మొగుడు, మోసేది తిమ్మమ్మ.

మొగుడి కొబ్బరికాయ విద్యను ఆమె ఏనాడూ నమ్మలేదు, ఏనాడూ అడ్డుపడలేదు. ఒక్క మాట మాత్రం చెప్పింది. ఉగాదికి ముందు, వాళ్ళ మోటరుగది దగ్గర, నేను నీళ్ళు తాగడానికి పోయినప్పుడు నా ముందే చెప్పింది.

"యోవ్, ఊరంతా తిరిగి యాడన్నా నిలబెట్టుకో ఆ కాయను. మన గట్టు పక్కన మాత్రం నిలబెట్టొద్దు. ఈడ కింద ఉండేది ఒకటే నీళ్ళు. పక్కనోళ్ళు ఇంకో బొక్క పెట్టినారంటే మన చెట్లు పోతాయి."

"నాకు చెప్పల్లనా తిమ్మమ్మా? నాది ఓ పాజిటివ్వు."

"నీ రక్తం సంగతి అడగలేదు. గట్టు సంగతి చెప్తాండా."

"నీ నెత్తి మీద ఒట్టు" అన్నాడు. తన నెత్తి మీద పెట్టుకోవచ్చు కదా, పెట్టుకోడు.

గట్టుకు అవతల చేను మహేశ్వరిది. మొగుడు లేని మనిషి. ఆమె బోరు రెండేళ్ళ కిందటే ఎండిపోయింది. చీనీ చెట్లు కూడా ఎండిపోతే కొట్టించి పొయ్యిలోకి వాడుకుంది. ఇప్పుడు ఆ చేలో ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తే పచ్చనిది ఏదీ లేదు, గట్టును ఆనుకుని ఉన్న ఒక్క వేపచెట్టు తప్ప. ఆ వేపచెట్టు దగ్గర నిలబడి గట్టు మీదుగా రాయి విసిరితే తిమ్మమ్మ మోటరుగది మీద పడుతుంది. బోరుకూ బోరుకూ మధ్య ఇంత దూరం ఉండాలని సర్కారు రూలైతే ఉంది. దాన్ని టేపు పట్టి కొలిచినవాడిని నేను చూడలేదు.

ఉగాది అయిన వారానికి తిమ్మమ్మ చెల్లెలి మనవడి నామకరణమని కణేకల్ పోయింది. ఆ మరునాడే మహేశ్వరి వచ్చి, "అన్నా, రిగ్గు బండి పక్కూర్లో ఉండాదంట. ఒక్క పాయింటు చూసి పెట్టు. ఇదే ఆఖరు, ఇంక నాచేత కాదు" అని బతిమాలింది. ఆ మనిషిని నేను ఏమీ అనను. గొంతెండినవాళ్ళకు ఎవరు నీళ్ళు చూపిస్తే వాళ్ళే దేవుడు.

చంద్రమోహన్ దోసెలు తిని, చొక్కా మార్చి బయలుదేరాడు. చూడటానికి సగం ఊరు పోయింది. నేనూ పోయాను. చెప్పులు గట్టు మీద విప్పి, కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని మొదలుపెట్టాడు. తూర్పు పక్కంతా పరుగులాంటి నడకే. ఉత్తరం మూల ఆగబోయాడు, నేల కాలి మళ్ళీ కదిలాడు. చేను మధ్యలో పిల్లిలా పాదాలెత్తి ఎత్తి వేశాడు. ఆ వేపచెట్టు వైపు ఆయన చూసిన చూపు చూసి నాకు విషయం అర్థమైపోయింది.

"అన్నా, ఆడొద్దు. తిమ్మక్క చెప్పింది యాదుంది కదా?" అని అరిచాను.

వినిపించుకోలేదు. వేప కింద చేరాడు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. కళ్ళు మూసుకున్నాడు. కాయ లేచి నిలబడింది. మహేశ్వరి అక్కడే పసుపు చల్లి రాయి పెట్టింది.

నేను పక్కకు తీసుకుపోయి మళ్ళీ చెప్పాను. "నేనేం చేయల్లప్పా, కాయ లేసింది" అన్నాడు. అంతమంది చూస్తుండగా పాయింటు మార్చుకుంటే పరువేం కావాలి? పెళ్ళాం నెత్తి మీద వేసిన ఒట్టు కంటే ఊళ్ళో పరువే పెద్దదని ఆయనకు అనిపించింది. అరికాళ్ళు కాలడం దానికంటే పెద్దది.

సాయంత్రానికి రిగ్గు బండి వచ్చింది. తెల్లటి రాతిదుమ్ము లేచి గట్టుకు అవతలున్న చీనీ ఆకుల మీద సున్నం కొట్టినట్టు పడింది. ఆరొందల అడుగులు దాటాక తడిదుమ్ము, తర్వాత బురద, ఆ తర్వాత చెట్టంత ఎత్తున నీళ్ళు ఎగజిమ్మాయి. గుడ్డెద్దు జొన్న చేలో పడ్డట్టు పడ్డాడు మనవాడు. "హిట్టు! హిట్టు!" అని గెంతాడు. ఆ నీళ్ళలోనే తడిశాడు. మహేశ్వరి ఏడుస్తూ వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. ఎవరో బంతిపూల దండ తెచ్చి వేశారు. ఆ దండతోనే ఊళ్ళోకి వచ్చి టీ అంగడి ముందు చాలాసేపు కూర్చున్నాడు.

రెండో రోజు తిమ్మమ్మ బస్సు దిగి నేరుగా చేనికి వచ్చింది. ఆకుల మీది దుమ్ము చూసింది. గట్టు మీదికెక్కి అవతల కొత్త పైపు చూసింది. మోటరుగదిలోకి పోయి స్విచ్ వేసింది. నీళ్ళు సగం పైపుకు వచ్చాయి. కొన్నాళ్ళకు పావు పైపు. చివరకు మోటరు గాలి తాగి ఊళ వేసింది.

మహేశ్వరి ఏడ్చింది. "వదినా, నాకేం ఎరుక? అన్నే చూపించినాడు" అంది. తన బోరు నుంచి పైపు వేసి వారానికొకసారి నీళ్ళు వదిలింది కూడా. అన్ని చెట్లకు అది నోరు తడవడానికి కూడా చాలలేదు. "నువ్వేం చేస్తావులే" అని మాత్రం అంది తిమ్మమ్మ. పాడు ఊళ్ళో ఆ మాత్రం పెద్దమనసు ఆమెకు ఒక్కదానికే ఉంది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండకు చీనీ చెట్లు ఆకంతా రాల్చేశాయి. ఉత్త ముళ్ళూ కొమ్మలూ మిగిలాయి. ఒక మధ్యాహ్నం తిమ్మమ్మ చెట్ల మధ్య నిలబడి ఉంటే, చంద్రమోహన్ గట్టు అవతల వేపనీడలో కూర్చుని ఓదార్చబోయాడు. "భూమిలో నీళ్ళకు గట్లుంటాయా తిమ్మమ్మా? దిగులు పడొద్దు. మన చేలోనే ఇంకో పాయింటు పెడతా. ఈతూరి పక్కా హిట్టు."

తిమ్మమ్మ ఇంటికి పోయింది. దేవుడి గూటిలో పెట్టుకున్న ఆయన కొబ్బరికాయను తెచ్చింది. గట్టు దాటి ఆయన చేతిలో పెట్టింది.

"పెట్టు. ఇప్పుడే పెట్టు. చెప్పులిప్పు."

"ఈ ఎండలోనా? పొద్దు వాలనీ..."

"ఊరోళ్ళందరికీ ఈ యాళప్పుడే కదా పెడతాండావు. నడువు."

ఆ గొంతు విని ఆయన చెప్పులు వేప కిందే వదిలి లేచాడు. గట్టు దిగి చెట్ల వరసల్లోకి నడిచాడు. గబగబా మొదటి వరస చివరిదాకా పోయాడు. ఆగబోయి పైకి చూశాడు. కొమ్మల సందుల్లోంచి ఆకాశం అంతా కనబడుతోంది. రెండో వరసలోకి తిరిగాడు. మూడో వరసలో పరుగెత్తాడు. మోటరుగది నీడలో ఆగుదామంటే అక్కడున్నది ఎండిన బోరే. ఎక్కడా నిలబడలేకపోయాడు. కాయ ఆయన అరచేతిలో పడుకునే ఉంది. నేను గట్టు మీద నుంచి చూస్తున్నాను. ఆయన మీద నాకు ఇసుమంత జాలి కలగలేదు. నా జాలంతా ఎండిన చెట్టు బోదె మీద చెయ్యి వేసి నిలబడిన తిమ్మమ్మ మీదే.

చేనంతా తిరిగి, పాదాలు బొబ్బలెక్కి ఆమె ముందుకు వచ్చాడు. హిట్టు అనలేదు.

తిమ్మమ్మ చెయ్యి చాపింది.

"కాయ ఇట్లియ్యి. రేపు పొద్దున చట్నీకన్నా వస్తాది."