మల్లెపాదులో నాపబండలు

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా వీధి బావి దగ్గర బిందె నీటికి కూడా వరుసలో నిలబడవలసి వస్తోంది. అందుచేత, పోసిన నీరు ఆరిపోకుండా ఉండాలని, నేను స్వయంగా పెంచుతున్న మల్లెమొక్క చుట్టూ బేతంచెర్ల నాపబండలు పరిపించాను. వారం తిరగకుండానే ఆకులు వాడి, మొగ్గలు రాలసాగాయి.

ఈ మధ్యాహ్నం పెరుగు తెచ్చిన నాగమ్మ ఆ మొక్కను చూసి ఆగిపోయింది.

“చెట్టు ఏర్లు ఉడుకుతాండాయి కదమ్మా! ఈ బండలు ఎవురు పెట్టమనిరి?”

“బాగా ఆలోచించి నేనే పెట్టించాను,” అన్నాను.

“అట్లయితే చెప్పులిడిసి ఆ బండ మీద నిలబడు, చూస్తా.”

పంతానికి నిలబడ్డాను. అయిదు లెక్కపెట్టకముందే దిగవలసి వచ్చింది.

“నువ్వన్నా దిగితివి. అది యాడికి పోతాది?” అని నాగమ్మ నవ్వింది.

ఆమె సాయం వద్దని బండలన్నీ నేనే ఎత్తివేశాను. పాదులో వేరుసెనగ పొట్టు పరవమన్న ఆమె సలహాను మాత్రం కాదనలేదు. ఎండ తగ్గాక నీరు పోశాను. మల్లె కోలుకుంటుందో లేదో రెండు మూడు రోజులకు గాని తెలియదు. పొట్టుకన్న మేలైన ఉపాయం ఇది చదివే మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి తెలియజేయండి. రేపు నాగమ్మ వచ్చేలోగా తెలిస్తే మరీ సంతోషం.