మాయ శాలువా ఉతకొచ్చా?

మాయలను నమ్మేవాళ్ళున్నారు, నమ్మనివాళ్ళున్నారు. వరంగల్ చౌరస్తా దగ్గర బట్టల దుకాణం నడిపే సుదర్శన్ ఈ రెండు గుంపుల్లోనూ చేరడు. మాయ ఉందంటే ఆయన వెంటనే ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక మాత్రం, చీర కొంగును వేళ్ళ మధ్య నలిపి చూసినట్టు దాన్ని నలిపి చూస్తాడు. "సరే, ఉన్నది. ఉతికితే ఏమైతది?"

ఏ మునీశ్వరుడు ఏ రాకుమారుడికి ఏ వస్తువు ఇచ్చినా ఆయన అడిగేది అదే. ఎగిరే తివాచీ, మాట్లాడే టోపీ, నిప్పు అంటని అంగీ, ఏదైనా సరే. రంగు పోతదా, కుంచించుకపోతదా, ఎండకేస్తే ఎగిరిపోతదా?

ఇంత అనుమానం ఉన్న మనిషి మాయల కథల జోలికి పోకుండా ఉంటాడా అంటే, ఉండడు. దుకాణంలో గల్లా వెనక కూర్చుని ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు చదివే మాయల నవలలు తప్ప ఇంకోటి ముట్టడు. పెద్దవాళ్ళ నవలలు ఎందుకు చదవవని తమ్ముడి కూతురు లావణ్య ఒకసారి అడిగింది. పెద్దోళ్ళ నవలల్లో మనుషులు కిటికీ పక్కన కూసోని బాధపడుతరు, పిల్లల పుస్తకాల్లో కనీసం పని నడుస్తది అన్నాడు.

బేరం లేనప్పుడు చదువుతాడని అనుకుంటే పొరపాటు. బేరం ఉన్నప్పుడూ చదువుతాడు. పరకాల నుంచి మొగిలమ్మ అనే ఆమె మనవరాలి పెండ్లికని చీరలు చూడడానికొస్తే, చీరల కట్ట విప్పకుండానే, ఎగిరే తివాచీ వానలో తడిస్తే ఎన్నడు ఆరుతదని ఆమెను అడిగాడు. మొగిలమ్మ కొంచెం ఆలోచించి, తమ ఇంట్లో చద్దరు ముసురు పట్టినప్పుడు తడిస్తే దసరా దాకా ఆరలేదని చెప్పింది. సుదర్శన్ అంత తృప్తిగా నవ్వడం లావణ్య ఎప్పుడూ చూడలేదు. చీరలు చూపించాల్సిన సంగతి ఇద్దరికీ చాలాసేపు గుర్తు రాలేదు.

ఆయన భార్య, లావణ్య పెద్దమ్మ కళావతికి దీనిమీద స్థిరమైన అభిప్రాయం ఉంది. "పెండ్లిచూపులకు వచ్చిన నాడు నా చీర అంచు చూసి పోయిండు. నా మొఖం పెండ్లినాడే చూసిండు. ఈయన మాయను మాత్రం ఊకెనే వదులుతడా?"

ఇలాంటి ఇంట్లో పుట్టి, ఇలాంటి పెద్దనాన్నతో ఒకే మేడలో ఉంటూ, ఏడో తరగతి లావణ్య ఎండాకాలం సెలవుల్లో ఒక మాయల నవల రాసింది. పేరు 'మాయ శాలువా'. ఇంద్రజ అనే పిల్ల దగ్గర ఒక శాలువా ఉంటుంది. కప్పుకుంటే మనిషి కనపడడు. భద్రకాళి చెరువు అడుగున ఒక మాంత్రికుడు ఊరివాళ్ళ గొంతులన్నీ గుంజుకుని సీసాల్లో దాచి పెడతాడు. ఇంద్రజ వాటికోసం చెరువులోకి దిగుతుంది.

రాసిన కాగితాల కట్ట ఇంటిల్లిపాదికీ ఇచ్చింది. నాన్న చేతిలో పట్టుకుని బరువు చూసి "సూపర్ బిడ్డా" అన్నాడు. అమ్మ మొదటి పేజీ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంది. బళ్ళో తెలుగు సారు ఉజ్జ్వల భవిష్యత్తు ఉందన్నారు. ఆయన ఆ మాట హాజరు పిలిచినంత తేలిగ్గా అనగలరు. పెద్దనాన్న ఒక్కడే ఏమీ అనకుండా కట్ట తీసుకుని కిందికి పోయాడు. కొన్నాళ్ళకు అన్నం దగ్గర నోరు విప్పాడు.

"బిడ్డా, శాలువా కప్పుకుంటే ఇంద్రజ కనపడదు. మంచిది. మరి విప్పి పక్కన పెడితే, శాలువా కనపడతదా?"

"కనపడదు."

"పొద్దున లేచి ఎట్ల దొరకబట్టుకుంటది?"

లావణ్య చెయ్యి కడుక్కుని కాగితాలు ముందేసుకుంది. ఆ పూటే నవలలో శాలువా కొసకు ఒక మువ్వ కట్టింది. మర్నాడు పెద్దనాన్న మువ్వను మెచ్చుకున్నాడు. నడిస్తే మోగదా, మాంత్రికుడికి కండ్లు మోసపోయినా చెవులు ఉంటయి గదా అన్నాడు. మువ్వలో దూది కుక్కింది. దూది చెరువు నీళ్ళలో ఏమైతదన్నాడు. అంతటితో ఊరుకోక, తడిసిన శాలువా బరువు తెలియాలని మేడమీద బకెట్‌లో ఒక శాలువా ముంచి తెచ్చి పిల్ల భుజాలమీద వేశాడు. లావణ్య వంగిన నడుం ఎత్తలేకపోయింది. "ఇగ దాన్ని ఎవలు కొంటరు, మీ మాంత్రికుడా?" అని పెద్దమ్మ మొగుణ్ణి అడిగింది.

ఆఖరికి సీసాల దగ్గరికి వచ్చాడు. ఏ సీసాలో ఎవరి గొంతు ఉందో మాంత్రికుడు గుర్తు పెట్టలేదట. తారుమారై ఊళ్ళోని సాంబయ్య గొంతు సాంబయ్య భార్యకు వస్తే వాళ్ళింట్ల సంసారం ఎట్ల నడుస్తదని అడిగాడు. అందరూ నవ్వారు. లావణ్యకు మాత్రం కండ్లలో నీళ్ళు తిరిగాయి.

"అందరికి మంచిగున్నది, నీకొక్కనికే మంచిగలేదు. ఇగ నేను రాయనే రాయ."

అన్నట్టే పెన్ను ముట్టలేదు. ఇంద్రజ పేరెత్తితే గదిలోంచి లేచిపోయేది. కానీ అప్పటికే బడివాళ్ళు ఆ నవలను అచ్చుకిచ్చారు. అడ్మిషన్ల కాలంలో ఏడో తరగతి రచయిత్రి బడి బస్సుకన్నా ఎక్కువ పని చేస్తుందని ప్రిన్సిపాల్ మేడంకు తెలుసు. హనుమకొండలో ఆవిష్కరణ సభ పెట్టారు. పెద్దనాన్నను మాత్రం రావద్దని లావణ్య తెగేసి చెప్పింది. శాలువాలు ఎవరు తేవాలె మరి అన్నాడాయన. అదీ నిజమే. ఊళ్ళో ఏ సన్మానానికైనా శాలువాలు ఆయన దుకాణంవే. వెనక కుర్చీలో నోరు మూసుకుని కూసుంటానని మాటిచ్చాడు.

మన దగ్గర సభ అంటే కింద కూర్చున్నవాళ్ళకన్నా వేదిక మీద కూర్చున్నవాళ్ళు ఎక్కువుండే ఏర్పాటు. పిల్లలను కదలకుండా వరసల్లో కూర్చోబెట్టారు కాబట్టి ఆ రోజు హాలు నిండింది. ముఖ్య అతిథి ఓంప్రకాశ్ గారు. ఆయన పొగడని పుస్తకం జిల్లాలో లేదు. తెరిస్తే పొగడ్తకు అడ్డమొస్తుందని ఏ పుస్తకాన్నీ తెరవరని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళూ అదే అంటారు.

మెరుపు కాగితంలో చుట్టిన పొట్లం ఆయన చేతికిచ్చారు. పుస్తకాలను కూడా చక్కగా చుట్టి ఇస్తారని బడివాళ్ళు సుదర్శన్ దుకాణానికే పంపారు. అక్కడ శాలువాలనూ పుస్తకాలనూ ఒకే కాగితంలో, ఒకే రిబ్బన్‌తో, ఒకే అట్టపెట్టె సైజులో చుట్టి పంపారు. ఓంప్రకాశ్ గారు రిబ్బన్ లాగారు. లోపల మెరూన్ రంగు శాలువా.

వేరే ఎవరైనా తడబడేవాళ్ళు. ఆయన సభల్లో పండిన మనిషి. శాలువాను రెండు చేతులా ఎత్తి ఫొటోకు నవ్వి, "ఈ గ్రంథాన్ని నేను ఏకబిగిన చదివాను" అన్నారు. మాయ శాలువా గదా, ఇది కొత్త పద్ధతేమో అనుకుని ప్రిన్సిపాల్ మేడం చప్పట్లు కొట్టారు. టీచర్లు కొట్టారు. "మరీ ముఖ్యంగా, ఆ చిన్న పిల్లవాడు రాక్షసుణ్ణి శాలువాతో ఉరివేసే ఘట్టం" అన్నారాయన. దానికీ కొట్టారు. అమ్మా నాన్నా ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

లావణ్య ఒక్కొక్క మొఖమే చూసింది. నవలలో పిల్లవాడు లేడు. రాక్షసుడు లేడు. ఉరి లేదు. ఎవరి మొఖంలోనూ ఆ సంగతి తెలిసిన జాడ లేదు. అంత రాసింది ఎవరికోసం?

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"అయ్యా, జర ఆగున్రి. మీ చేతుల ఉన్నది మా దుకాణం సరుకు. పుస్తకం పక్క పొట్లంల ఉన్నది. తప్పు మాదే."

అక్కడితో కూర్చుంటే ఆయన సుదర్శన్ ఎందుకవుతాడు? ఉరి వెయ్యలేదని, ఆ పిల్ల పేరు ఇంద్రజ అని, శాలువాను చెరువు గట్టు మీదికొచ్చిన మాంత్రికుడి మీదే కప్పేసిందని, ఎవరికీ కనపడక, పలకరించే దిక్కు లేక, వాడు ఏడ్చి గొంతులన్నీ వాపసు ఇచ్చాడని గబగబా చెప్పేశాడు. ప్రిన్సిపాల్ మేడం కూర్చోమని చేత్తో సైగ చేశారు. ఆయన దాన్ని కొనసాగించమన్నట్టు అర్థం చేసుకున్నాడు.

"ఆడనే నాకొక అనుమానం. కనపడనోడు ఏడిస్తే కన్నీళ్ళు కనపడతయా?"

ఇంతకు ముందైతే లావణ్య లేచిపోయేది. ఇప్పుడు ఓంప్రకాశ్ గారి ముందున్న మైకు లాక్కుంది.

"కనపడతయి. శాలువా దాటి నేల మీద పడంగనే కనపడతయి. ఆ తడిని చూసే ఇంద్రజ, వాడు కూసున్న జాగ దొరకబట్టింది. మంచిగ చదువు."

"చదివిన. మల్ల మల్ల చదివిన. ఆడ వాన కూడ పడ్తాందని రాసినవ్. ఏది వాన చుక్క, ఏది కన్నీటి చుక్క, పిల్ల ఎట్ల గుర్తుపట్టింది?"

అప్పుడు ముందు వరసలోంచి పూజ అనే ఎనిమిదో తరగతి పిల్ల, కన్నీళ్ళు వెచ్చగ ఉంటయి గదా అంది. ముట్టుకుంటే మాంత్రికుడు పట్టుకుంటడని పక్కపిల్ల అంది. అసలు వాడు ఎందుకు ఏడుస్తుండని మూడో పిల్ల. వరసలు చెదిరిపోయాయి. "చదివితే తెలుస్తది" అని లావణ్య మైకులో అనడమే ఆలస్యం, పిల్లలు వేదిక ఎక్కి పొట్లాలు చింపడం మొదలుపెట్టారు. శాలువా వచ్చినవాళ్ళు విసిరేశారు, పుస్తకం వచ్చినవాళ్ళు అక్కడే చతికిలబడ్డారు. విసిరిన శాలువాల్లో ఒకటి ఓంప్రకాశ్ గారి మీద పడింది. దాన్ని ఆయన సవరించుకుని, సన్మానం జరిగినట్టు నమస్కారం పెట్టారు.

ఇంటికి వచ్చేటప్పుడు లావణ్య నాన్న బండి ఎక్కలేదు. పెద్దనాన్న స్కూటర్ వెనక కూర్చుంది. ఎంజీఎం దవాఖాన దగ్గర ఎర్రలైటు పడి ఆగినప్పుడు, ఆఖరి అధ్యాయం మీద నువ్వేం అడగలేదేంది అంది.

సుదర్శన్ వెనక్కి తిరగలేదు. "ఆ పిల్ల శాలువాను మాంత్రికునికే ఇచ్చేసి, చలిల చేతులు కట్టుకొని నడుచుకుంట ఇంటికొచ్చింది. అది చదివినంక ఏం అడగబుద్ధి కాలే బిడ్డా."

లావణ్య ఆయన చొక్కా వెనక భాగం పట్టుకుంది. తరవాత ఆమెకు అనుమానం వచ్చింది.

"అట్లెట్ల? అందరు పండుకున్నంక వచ్చింది గదా. తలుపెవరు తీసిన్రో నేను రాయనే లేదు. నువ్వు అడగాలె."

సుదర్శన్ ఇప్పుడు మెడ తిప్పాడు.

"ఎవరు తీసిన్రు?"

"ఇంకా అనుకోలే. ఇంటికి పోంగనే కూసోని రాస్త."

పచ్చలైటు పడింది. వెనకున్న ఆటోలన్నీ హారన్లు కొట్టాయి, ఒక బస్సు కండక్టరు తల బయటపెట్టి తిట్టాడు. సుదర్శన్ పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. తలుపు ఎవరు తీశారో తేలేదాకా ఆ స్కూటర్ కదిలేట్టు లేదు.